కోత పండుగ నాడు నేను మాట్లాడిన ఫ్రెంచి

మా తోటికోడలి మీద కక్షతో నేను ఫ్రెంచి నేర్చుకున్నాను. ఇంకో కారణం ఏదైనా చెబితే వినేవాళ్ళకు బాగుంటుందేమో గానీ నిజం ఇదే. బడిలో నేను చదివింది రెండో తరగతి దాకా. ఆ తర్వాత మార్కాపురం దారిలో ఉన్న పలకల ఫ్యాక్టరీకి పోయి, పలకలకు చెక్క చట్రాలు బిగిస్తూ పెద్దదాన్నయ్యాను. ఎందరి పిల్లలో అక్షరాలు దిద్దిన పలకలు నా చేతుల మీదుగా పోయాయి. వాటి మీద నేను దిద్దింది మాత్రం తక్కువ.

తోటికోడలంటే నా మరిది భార్య. నాకన్నా చిన్నది, నన్ను అక్కా అని పిలుస్తుంది. రెండిళ్ళకూ నడుమ ఒకటే గోడ. ఆమె ఎనిమిది చదివింది, అంగన్‌వాడీలో పనిచేసి రిటైరయింది. మా చర్చిలో స్టేజీ మీద వాక్యం చదవాలన్నా, వచ్చిన పెద్దలకు శాలువా కప్పాలన్నా ఆమే లేస్తుంది. లేచి, చాపల మీద కూర్చున్న ఆడవాళ్ళందరినీ ఒకసారి కలయజూసి, అప్పుడు కళ్ళద్దాలు పెట్టుకుంటుంది. ఆ చూపు నాకు పడదు. అయినా ఇన్నేళ్ళూ ఊరుకున్నాను. నోరు పారేసుకోవడం కూడా దుబారానే.

ఆ ఏడు నా మనవరాలు, అంటే మా పెద్దోడి కూతురు, మార్కాపురంలో ఇంటర్లో చేరింది. రెండో భాష కింద ఫ్రెంచి తీసుకుంటే మార్కులు ఊరికే పడతాయని కాలేజీవాళ్ళు చెప్పారట. ఊరికే పడేది ఏదైనా ఉందంటే అది వడగళ్ళేనని నేను అప్పుడే అన్నాను. హాఫ్ ఇయర్లీ పరీక్షల్లో అన్నీ పాసై ఫ్రెంచిలో తప్పింది. ఆ సంగతి గోడ దాటి పోవడానికి ఒక పూట పట్టింది.

తర్వాత వచ్చిన మా చర్చి స్త్రీల కూడికలో పాస్టరు అయ్యగారు ఒక మాట చెప్పారు. పలకల ఫ్యాక్టరీలో ఇంటి కప్పులకు వేసే పలకలు చూసుకోవడానికి ఫ్రాన్సు దేశం నుంచి భార్యాభర్తలిద్దరు వస్తున్నారట. వాళ్ళు మన కోత పండుగ చూస్తామన్నారట. "వాళ్ళ భాషలో ఎవరన్నా రెండు మాటలు చెప్పి ఆహ్వానిస్తే బాగుంటుందమ్మా" అన్నారు. అందరూ నా మనవరాలి వైపు చూశారు. పిల్ల సిగ్గుపడింది గానీ ముఖం వెలిగింది. అప్పుడు మా తోటికోడలు కళ్ళద్దాలు తీసి కొంగుతో తుడుచుకుంటూ లేచింది.

"ఆ పిల్ల దాంట్లోనే తప్పింది గదా అయ్యగారూ. దానికేం నోరు తిరుగుతాది? వాళ్ళింట్లో ఎవురికీ తిరగదు. మా అక్క ఇన్నేండ్లైనా బైబిల్లో ఎఫెసీయుల పత్రికను ఎపీసుల పత్రికే అంటాది. పలకల దుమ్ము తిన్న నోర్లు అయ్యి."

ఆడవాళ్ళు నవ్వారు. పక్కనున్న ఒకామె నా తొడ మీద చరిచి మరీ నవ్వింది. పిల్ల లేచి వెళ్ళిపోయింది. ఇంటికి పోయి, ఇక కాలేజీకి పోనని, అసలు ఫ్రెంచి పరీక్షే రాయనని, తలుపు వేసుకుని పడుకుంది. నన్నంటే నేను మింగేదాన్ని. చాలా మింగాను. పిల్ల నోటి మీద వేసిన ఆ మాట మాత్రం దిగలేదు. కూడికలో ఆ నవ్వులు ఆగకముందే నేను లేచి నిలబడ్డాను.

"అయ్యగారూ, ఆ రెండు మాటలు నేను చెప్తా."

"నువ్వా అక్కా?" అంది ఆమె.

"నేనే. నువ్వు శాలువా మడతలు చూసుకో పో."

మాట అనేశాను. ఇక ఆ స్టేజీ మీద నేను తడబడితే, మా ఇంటి నోర్లు తిరగవన్న మాట ఊళ్ళో ఖాయమైపోతుంది. పిల్ల బస్సెక్కదు. ఇవి రెండూ నాకు తెలుసు. వీటికన్నా ఎక్కువగా, ముందు వరుసలో ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని కూర్చునే ఆమె ముఖం ఆ రోజు ఎలా ఉండాలో నాకు తెలుసు.

మర్నాడు పొద్దున్నే పొయ్యి ముట్టించి పిల్లను లేపాను. "రా మే, నేర్పు" అన్నాను.

"నేనే తప్పిన్యా గదవ్వా, నీకేం నేర్పేది?"

"తప్పినదానివే నేర్పు. యాడ తప్పుతారో నీకు తెలుసు గదా."

నోటుబుక్కు కొనలేదు. ఫ్యాక్టరీలో అంచు విరిగిందని పక్కన పడేసిన పలక ఒకటి కుండ మీద మూతగా ఉండేది. దాన్ని కడిగి బలపం తీసుకున్నాను. పిల్ల దాని మీద తెలుగు అక్షరాల్లోనే ఫ్రెంచి రాసింది.

మొదటి గొడవ చివరి అక్షరాల దగ్గర వచ్చింది. ఆ భాషలో మాట చివర అక్షరాలు రాస్తారు గానీ చాలావరకు పలకరట. 'మీరు' అనడానికి 'వూ' అంటారు. రాసేటప్పుడు చివర ఒక ఎస్సు పెడతారు, నోట్లో దాన్ని వదిలేస్తారు.

"పలకనిదానికి రాసేదెందుకే? ఇంత బలపం దండగ."

"దండగ కాదవ్వా. పక్కన అచ్చుతో మొదలయ్యే మాట వస్తే అది లేస్తాది. 'ఆవే' అంటే 'ఉంది' అని. రెండూ కలిస్తే 'వూజావే'. మీకు ఉంది అని. చూడు, ఎస్సు లేచి 'జ' అయింది."

అప్పుడు నాకు ఆ భాష మీద కొంచెం గౌరవం కలిగింది. అవసరం లేనప్పుడు మూసిపెట్టి, అవసరం పడ్డప్పుడు తీసే పద్ధతి నాదే.

తర్వాత ముక్కుతో పలికే శబ్దాలు. 'బోఁ' అంటే మంచి, 'పాఁ' అంటే రొట్టె. గాలి సగం నోట్లోంచి, సగం ముక్కులోంచి పోవాలి. సున్నా పూర్తిగా పలికితే తప్పు. అసలు పలక్కపోతే ఇంకా తప్పు. దీన్నెలా రాయాలో తెలీక పిల్ల బలపం పట్టుకుని కూర్చుంది. నేను చిన్నప్పుడు దిద్దిన అక్షరమాలలో సున్నా పక్కన అరసున్నా ఉండేది. దాన్ని ఎవరూ వాడరని మా బడి అయ్యవారు చెప్పినా దిద్దించారు. ఇక్కడ వాడదామన్నాను. అప్పటి నుంచి మా పలక మీద ఫ్రెంచి అంతా అరసున్నాలే.

'ర' దగ్గర రెండు పూటలు పోయాయి. మన 'ర' నాలుక కొసతో పలుకుతుంది. వాళ్ళది గొంతులోంచి రావాలి. "ముల్లు ఇరుక్కున్న గొర్రె దగ్గినట్ల అను అవ్వా" అంది పిల్ల. నేను అన్నాను. గోడ అవతల నుంచి మా తోటికోడలు, "ఏంది అక్కా, దగ్గా? కషాయం కాసియ్యనా?" అని కేకేసింది. "నీకే కాసుకో" అన్నాను.

ఇంకొక శబ్దం ఉంది. అది 'ఉ' కాదు, 'ఇ' కాదు. దానికి పిల్ల మంచి దారి చెప్పింది. "పొయ్యి ఊదేటప్పుడు మూతి ఎట్ల పెడతావో అట్ల పెట్టు. పెట్టి, లోపల మాత్రం 'ఈ' అను." అన్నాను. వచ్చింది. ఈ శబ్దం తనకు రాకనే తరగతిలో అందరూ నవ్వారని పిల్ల అప్పుడు చెప్పింది. ఇద్దరం పొయ్యి ముందు కూర్చుని మూతులు చాపి 'తు', 'తు' అనుకున్నాం. మా పెద్దోడు పళ్ళు తోముకుంటూ వచ్చి చూసి, వచ్చిన దారినే వెనక్కి పోయాడు.

'తు' అంటే నువ్వు. 'వూ' అంటే మీరు. ఈ తేడా మనకూ ఉన్నదే. "కక్ష ఉన్నోళ్ళను ఏమనాలే?" అని అడిగాను.

"'వూ' నే అవ్వా. దూరం పెట్టినోళ్ళకు మర్యాద ఎక్కువిస్తారు."

ఇదీ మనకున్నదే.

వ్యాకరణం అంటే నాకు తెలిసింది ఇంతే. ప్రతి వస్తువూ ఆడదో మగదో అయి ఉండాలి. గరిటె ఆడది, కత్తి మగది. ఇల్లు ఆడది, దాని కప్పు మగది. ఆడదానికి ముందు 'లా' పెట్టాలి, మగదానికి 'ల'. అది ఎందుకు ఆడది, ఇది ఎందుకు మగది అంటే జవాబు లేదు, నోటికి పట్టాల్సిందే. చీపురు మగదట. నేను కాపురానికి వచ్చిన నాటి నుంచి మా ఇంట్లో చీపురు పట్టిన మగవాణ్ణి చూడలేదు. కాదు, లేదు అనడానికి ఒక మాట చాలదు, రెండు కావాలి. చేసే పనికి ముందు 'న', వెనక 'పా'. తలుపుకి పై గడియ, కింది గడియ వేసినట్టు. 'జ న కోఁప్రాఁ పా' అంటే నాకు అర్థం కాలేదు అని. వయసు చెప్పాలంటే నాకు ఇన్నేళ్ళు ఉన్నాయి అనాలి, పొలం ఉంది, గేదె ఉంది అన్నట్టు. డెబ్బైకి వాళ్ళకు వేరే మాట లేదు, అరవై-పది అంటారు. ఈ పొదుపు నాకు నచ్చింది.

ఇదంతా నేను నేర్చుకున్న తీరు వేరు. మా చర్చిలో చిన్నప్పటి నుంచి కంఠత వాక్యం చెప్పిస్తారు. ఏ గ్రంథం, ఏ అధ్యాయం, ఏ వచనమో ముందు చెప్పాలి, వాక్యం చెప్పాలి, చివర మళ్ళీ ఆ గుర్తు చెప్పాలి. ఒక్క పొల్లు మారకూడదు, మారితే కూర్చోబెడతారు. చదువు రాని మాబోటి వాళ్ళం అధ్యాయాలకు అధ్యాయాలు అట్లాగే పట్టాం. పిల్ల పుస్తకంలో రెండో పాఠం, ఇద్దరు కలుసుకుని పలకరించుకునేది. నేను దాన్ని మొదటి నుంచి చివరిదాకా అట్లాగే పట్టాను.

"అవ్వా, అది సంభాషణ. ఒకరు అడుగుతారు, ఇంకొకరు చెప్తారు. నువ్వు నీ ముక్క మాత్రం చెప్పాల. పుస్తకంలో ఉండే పేరు తీసి నీ పేరు పెట్టుకోవాల, నీ వయసు పెట్టుకోవాల" అంది పిల్ల.

"వాక్యం మార్చగూడదు."

"అది వాక్యం కాదవ్వా, పాఠం!"

"అచ్చులో ఉన్నది మార్చేదానికి నేనెవురు, నువ్వెవురు?"

పిల్ల తల కొట్టుకుంది. నేను వినలేదు.

కోత పండుగ నాడు చర్చి నిండింది. కందులు, మిరపకాయలు, గుమ్మడికాయలు, కాళ్ళు కట్టిన కోళ్ళు, దేవుడికిచ్చే కానుకలన్నీ స్టేజీ కింద కుప్పగా పెట్టారు. ఫ్రాన్సు దంపతులు కుర్చీల్లో కూర్చున్నారు. ఆయన ఎర్రగా ఎండకు కమిలి ఉన్నాడు, ఆమె నా వయసుకు కొంచెం చిన్నది. మా తోటికోడలు శాలువా ముంజేతి మీద వేసుకుని పక్కన నిలబడింది. అయ్యగారు నా పేరు పిలిచారు.

మైకు ముందు నిలబడి, చేతులు కట్టుకుని, చర్చి గొంతుతో మొదలుపెట్టాను. "రెండవ పాఠము, మొదటి పేజీ." తర్వాత ఆగలేదు. బోఁజూర్ మదామ్. బోఁజూర్ మెస్యూ. ఎలా ఉన్నారు అని నేనే అడిగాను, బాగున్నాను, కృతజ్ఞతలు అని నేనే చెప్పాను. మీ పేరేమిటి అని అడిగి, పుస్తకంలో ఉన్న పిల్ల పేరే నా పేరని చెప్పాను. నాకు పందొమ్మిదేళ్ళు ఉన్నాయన్నాను. నేను విద్యార్థినిని అన్నాను. పారిస్‌లో మా అమ్మానాన్నలతో, ఒక పిల్లితో ఉంటున్నానన్నాను. చివర మళ్ళీ, "రెండవ పాఠము, మొదటి పేజీ" అన్నాను. సభంతా అలవాటుగా "ఆమెన్" అంది.

ఆ దంపతులు ఒకరినొకరు చూసుకున్నారు. ఆయన మీసాల్లో నవ్వు దాచుకుంటున్నాడు. ఆమె లేచి గబగబా ఏదో అడిగింది. ఒక్క ముక్క తెలియలేదు. అది రెండో పాఠంలో లేదు. సభ నా నోటి వంక చూస్తోంది. చాపల మీద నా మనవరాలు రెండు చేతులతో ముఖం కప్పుకుని ఉంది. మైకు దగ్గరగా నిలబడి ఉంది కదా, మా తోటికోడలి మాట చర్చి అంతటికీ వినిపించింది.

"అయిపాయ. వడ్లన్నీ ఒకేసారి పోసె, గింజ మిగలకపాయ."

నవ్వులు. నాకు కోపం వేడిగా లేచింది. ఆ వేడికే కాబోలు, వాక్యం అన్న మాట బుర్రలోంచి ఎగిరిపోయింది. నేను ఆ ఫ్రెంచామె వైపు తిరిగి, "జ న కోఁప్రాఁ పా, మదామ్" అన్నాను. అర్థం కాలేదమ్మా అని. తర్వాత "పార్లే లాఁత్‌మాఁ, సీల్ వూ ప్లే" అన్నాను. దయచేసి మెల్లగా మాట్లాడండి అని.

ఆమె కళ్ళు పెద్దవయ్యాయి. దగ్గరికి వచ్చి నా రెండు చేతులూ పట్టుకుంది. ఈసారి చంటిదానికి ముద్ద పెట్టినట్టు ఒక్కొక్క మాటే వేసింది. మీ పేరేమిటి? నా పేరు చెప్పాను, నిజం పేరు. ఎన్నేళ్ళు? అరవై-పది అన్నాను. ఆమె పకపకా నవ్వి, తన గుండె మీద చెయ్యి పెట్టుకుని "అరవై-ఎనిమిది" అంది. అదీ అర్థమైంది. ఎక్కడ నేర్చుకున్నారు అన్నట్టుంది. పిల్లను చూపించి, మా ఇల్లు అన్నాను. "లా మేజోఁ." ఆమె పిల్ల వైపు చెయ్యి ఊపింది. పిల్ల ముఖం మీది చేతులు తీసింది. స్టేజీ కింద కోళ్ళు కొక్కొక్కో అంటున్నాయి.

అప్పుడు ఆమె శాలువాతో నిలబడ్డ మా తోటికోడల్ని చూసి, నన్ను చూసి, మెల్లగా అడిగింది. ఈమె మీ అక్కనా, చెల్లెలా?

ఔననడానికి 'వీ' అంటే చాలు, పొట్టి మాట. అడిగిందేమిటో తెలియకపోయినా మా తోటికోడలు నవ్వుతూ నా వైపే చూస్తోంది, ఏదో మంచి మాట చెబుతాననుకుని. దారిన పోయేవాళ్ళను కూడా మన వైపు అన్నా, అత్తా, పెద్దమ్మా అని వరస కలిపి పిలుస్తారు. చిల్లర ఇచ్చే కండక్టరుకూ ఒక వరస ఉంటుంది. వరస లేకుండా మనిషిని వదిలేయడమంటే గడప బయట నిలబెట్టడం.

"నోఁ" అన్నాను. "సే మా వ్వాజీన్."

"ఏమన్నావక్కా నన్ను గురించి?" అని మా తోటికోడలు గుసగుసగా అడిగింది.

నేను గుసగుసలాడలేదు. మైకు ముందే చెప్పాను. "పొరుగింటామె అన్నా."

ఆమె నవ్వు ముఖం మీద అట్లాగే కాసేపు ఉండిపోయింది, తీసేయడం మర్చిపోయినట్టు. శాలువాను ఆ ఫ్రెంచామెకు కప్పకుండా చేతికిచ్చి, చెప్పులు వెతుక్కుని, ఆ కానుకల వేలం పాట మొదలవకముందే వెళ్ళిపోయింది. నేను స్టేజీ దిగాను. నా తొడ మీద చరిచి నవ్విన ఆమె నాకు చాప మీద జాగా ఇచ్చింది. ఆ రోజు భోజనం నాకు బాగా రుచించింది. అబద్ధం ఎందుకు చెప్పాలి?

రాత్రి ఇంట్లో మా పెద్దోడు అన్నం ముందు కూర్చుని, "చిన్నమ్మను పొరుగామె అంటివా మా? రేపు చిన్నాయన మొగం నేనెట్ల చూడాల?" అన్నాడు.

"మామూలుగా చూడు. ఆయనను నేనేమన్లా."

పిల్ల పలక తుడుస్తూ, "అవ్వా, తోటికోడలికి ఆ భాషలో మాట ఉంది. బెల్ సర్ర్ అంటారు. అందమైన అక్కచెల్లెలు అని" అంది.

"ముందే చెప్పింటే ఏమి?"

"చెప్పింటే అదే అనేదానివా?"

"అనను" అన్నాను.

పిల్ల నవ్వాలో ఏడవాలో తెలియనట్టు నన్ను చూసింది. సోమవారం పొద్దున బస్సెక్కింది. ఎండాకాలం ఫలితాల్లో ఫ్రెంచితో సహా అన్నీ పాసయింది. అందులో నా పాలు ఎంతో నేను అడగలేదు.

గోడ మాత్రం గట్టిపడింది. ఉప్పు, కరివేపాకు, గ్యాసు అయిపోయిన పూట అగ్గి, ఏదీ అటూ ఇటూ కదలడం లేదు. ఆమె నన్ను పేరు పెట్టి పిలవలేదు, వరస పెట్టీ పిలవలేదు. ఎప్పుడన్నా తప్పనిసరైతే మా కోడల్ని పిలిచి, "మీ ఇంటి పెద్దామెకు చెప్పు, నీళ్ళు వచ్చినాయని" అంటుంది. మర్యాదగానే అంటుంది.

మా చర్చిలో నెల మొదటి ఆదివారం ప్రభువు బల్ల, అంటే రొట్టె, ద్రాక్షరసం తీసుకోవడం. ఎవరి మీదైనా పగ ఉంటే ముందు వాళ్ళతో సమాధానపడి, ఆ తర్వాతే రొట్టె ముట్టాలి. అయ్యగారు ఇంటికి వచ్చి కూర్చున్నారు.

"ఒక్క మాట అనుకోండమ్మా. అందరి ముందర మీరు తనను చెల్లెలు అనాలంటోంది. అదే ఆమె కోరేది."

"అంటా. ముందు ఆమె అదే స్త్రీల కూడికలో లేచి, ఆ పిల్ల నోటి మీద అనిన మాట వెనక్కి తీసుకోవాల."

"ఆమె మీరే ముందంటోంది."

"అయితే కాఫీ తాగి పోండి అయ్యగారూ" అన్నాను.

మొన్నటి మొదటి ఆదివారం నా మనవరాలు మొదటిసారి బల్ల తీసుకుంది. తెల్ల చీర కట్టుకుని మా ఇద్దరి నడుమ చాప మీద కూర్చుంది. కావాలనే కూర్చుందేమో. రొట్టె పళ్ళెం వరుస వెంట వచ్చింది. పిల్ల ఒక ముక్క తీసుకుని, కళ్ళు మూసుకుని, పళ్ళెం నా వైపు చాపింది. నేను అందుకుని, ముట్టకుండా, పిల్ల మీదుగా అటువైపు అందించాను. మా తోటికోడలు పట్టుకుంది. ఆమె వేళ్ళు రొట్టె మీదికి పోతాయేమోనని ఒక కంటితో చూశాను. పోలేదు. పళ్ళెం వెనక వరుసకు పోయింది.